గుట్టు ఎవరిది?

తండ్రి: అక్కా, ఒక్క మాట ముందే చెప్తున్నా. వాడికి ఆటిజం ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం బీరువాలో ఉంది, అక్కడే ఉంటుంది. ఊళ్లో చెప్పను, కాలేజీలో చెప్పను, వాడికీ ఇప్పుడే చెప్పను. పదిహేడేళ్లు ఆ పేరు లేకుండానే పెరిగాడు. ఇంకో నాలుగేళ్లు పెరగలేడా?

మేనత్త: పేరు లేకుండా ఎక్కడ పెరిగాడురా? హాస్టల్లో వేసిన రెండో నెలకే నిద్ర పోయింది, తిండి పోయింది. ఇంటికి తెచ్చాక చాలా రోజులు నోరు తెరవలేదు. కాలేజీ వాళ్లు క్రమశిక్షణ లేదన్నారు. నువ్వు బద్ధకమన్నావు. మీ అత్తగారు దిష్టన్నారు. వీధిలో పిల్లలు ఏమంటారో మనిద్దరికీ తెలుసు. తలా ఒక పేరు పెట్టారు, ఉన్న పేరు తప్ప.

తండ్రి: ఊరు పెట్టిన పేరు ఊరే మర్చిపోతుంది. చిన్నప్పుడు నన్ను నత్తోడన్నారు, ఇయ్యాల ఎవరికి గుర్తుంది? సర్కారు కాగితం మీదకి ఎక్కిన పేరు అట్టా కాదు. రేపు సదరం వాళ్లిచ్చే వికలాంగ సర్టిఫికెట్ తెచ్చామనుకో, పింఛనుకి పెట్టమంటారు. 2024 జులై నుంచి నెలకి 6,000 ఇస్తున్నారు, కాదనను. కానీ ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి డబ్బులు పట్టుకుని మన గడపలో నిలబడతాడు. మీ ఇంట్లో పింఛను ఎవరికని వీధి వీధంతా అడుగుతుంది. నాకు ఆడపిల్ల ఉందక్కా. డిగ్రీ అయిపోవచ్చింది.

మేనత్త: పింఛను వేరు, సర్టిఫికెట్ వేరు, వాడికి చెప్పడం వేరు. మూడూ కలిపి ఒకటే భయం చేసుకున్నావు. పింఛను తీసుకోమని నేను అనలేదే. ముందు వాడికి చెప్పమంటున్నా, అంతే.

తండ్రి: అవి విడిగా ఉండవక్కా. వాడు అబద్ధం ఆడలేడు. ఎవరు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. మొన్న ఒకాయన అప్పు సంగతి ఎత్తితే మనమెంత ఇవ్వాలో పైసల్తో సహా చెప్పాడు, నా ముందే. వాడికి చెప్పడమంటే ఊరికి చెప్పడమే.

మేనత్త: అది నిజమే. దానికి నా దగ్గర ఉపాయం లేదు. గుట్టుగా ఉంచమని చెబితే అదొక కొత్త బరువు, వాడు రాత్రింబవళ్లు దాన్నే మోస్తాడు. కానీ ఆ మాటనే తిప్పి చూడు. అబద్ధం ఆడటం రానివాడికి మనం ఇంట్లో రోజూ అబద్ధం ఆడుతున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్లి తలనొప్పికని చెప్పాం. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లాడు ఆ చీటీ చదవకుండా ఉంటాడనుకున్నావా?

తండ్రి: చదివితే అడిగేవాడు.

మేనత్త: అడగడమే వాడికి కష్టమని గదా ఆ చీటీలో రాసింది!

తండ్రి: సరే. చెప్పామే అనుకుందాం. ఆ తర్వాత? ఒంగోలు రిమ్స్‌కో గుంటూరు పెద్దాసుపత్రికో పోతే మానసిక వైద్యం ఓపీ ఉంది, మందు రాస్తారు. ఆ రిస్పెరిడోన్ బిళ్లలు వేసిన కాలంలో వాడు ఒళ్లొచ్చి మబ్బుగా కూర్చున్నాడు, చూశావు గదా. వారానికో గంట వాడితో తెలుగులో కూర్చుని మాట్లాడే మనిషి ఏడీ? థెరపీ సెంటరు అని బోర్డు ఉన్న చోటికల్లా తిరిగాను. ఎక్కడ చూసినా చిన్నపిల్లల కుర్చీలు, రంగుల బంతులు. మీసాలొచ్చిన వాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టమంటారు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ, అదే ఎన్‌ఐఈపీఐడీ, అక్కడికి పొమ్మని ఒకరు చెప్పారు. పత్తి తీతలప్పుడు ఎవరు పోతారు? వెనకాల ఏమీ లేని పేరు తెచ్చుకుని ఏం చేసుకోను?

మేనత్త: నువ్వు చెప్పినదాంట్లో ఎక్కువ భాగం ఒప్పుకుంటా. మన దగ్గర ఆటిజం అంటే మూడేళ్ల పిల్లాడి బొమ్మే వేస్తారు. పిల్లాడు పెరుగుతాడని ఎవరికీ తట్టదు. మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి భవిత కేంద్రం ఉంది, అక్కడి టీచర్లు మంచివాళ్లే, అదీ బడి పిల్లలకే. ఆ బిళ్లల సంగతి కూడా చెప్తా. అవి కోపం, గింజులాట తగ్గించడానికి. దిగులుకి కాదు, ఆటిజానికీ కాదు. వాడికున్నది దిగులు, నలుగురిలో భయం. మందు మార్చాలో మానాలో డాక్టర్ని అడగాలి గానీ, వైద్యమే లేదనకు. 2013లోనే ఇంగ్లండ్ ఆరోగ్య సంస్థ నైస్ ఇట్టాంటి పిల్లల భయాలకి మాటలతో చేసే చికిత్స, సీబీటీ, వాళ్లకి తగ్గట్టు మార్చి ఇవ్వొచ్చని రాసింది. బొమ్మలు, రాతలు ఎక్కువ వాడమంది, మధ్యమధ్య విరామం ఇవ్వమంది, అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టమంది.

తండ్రి: ఇంగ్లండ్‌లో రాసుకున్నారు. ఇక్కడ?

మేనత్త: ఇక్కడే చెప్తున్నా. నువ్వు సంగతి దాచి వాణ్ణి ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లావు. ఆయన ‘నీ మనసులో ఏముంది నాయనా’ అని అడిగాడు. వీడు ‘ఏమీ లేదు’ అన్నాడు. అబద్ధం కాదు. మనసులో ఉన్నదాన్ని పట్టి మాటల్లో పెట్టడం వాడికి రాదు. ఆయనకి ముందే చెప్పి ఉంటే ‘నిన్న ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నిసార్లు లేచావు, ఏ పీరియడ్‌లో చెవులు మూసుకోవాలనిపించింది’ అని అడిగేవాడు. వాటికి వాడు నిమిషాలతో సహా జవాబు చెబుతాడు. చికిత్స చేసే మనిషి దొరికినా పేరు లేకపోతే ఏ తలుపు తట్టాలో ఆయనకి తెలియదు. పైగా 14416 ఉంది, టెలి మానస్. 2022 అక్టోబరులో మొదలైంది. ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

తండ్రి: ఫోనంటేనే పారిపోయేవాడికి ఫోను నంబరు!

మేనత్త: వాడు చెయ్యక్కర్లేదు. నువ్వు చెయ్యొచ్చు. తండ్రి చేసినా మాట్లాడతారు.

తండ్రి: ...చూద్దాంలే. కానీ నువ్వు చెప్పే భయం అంత ఉందా అసలు? ఈ వయసులో ముభావంగా ఉండని మగపిల్లాడు ఎవడు?

మేనత్త: ఉంది. 2008లో ఇంగ్లండ్‌లో 10 నుంచి 14 ఏళ్ల ఆటిజం పిల్లల్ని 112 మందిని చూస్తే, నూటికి డెబ్బై మందికి దాంతోపాటు ఇంకో మానసిక సమస్య బయటపడింది. అన్నిటికన్నా ఎక్కువ మందికి ఉన్నది నలుగురిలోకి వెళ్లాలంటే భయం. 2014లో అక్కడే ఇంకొకటి చేశారు. పెద్దయ్యాక గానీ ఆస్పర్జర్, అంటే ఒక రకం ఆటిజం, అని తేలని 374 మందిని అడిగితే, 66 శాతం మంది బతుకు మీద విరక్తితో చావాలనుకున్న రోజులున్నాయని చెప్పారు.

తండ్రి: ఆ 374 మందీ ఆస్పత్రికి వచ్చినవాళ్లే గదా? నా పురుగుమందుల కొట్టుకి ఎండిన ఆకు పట్టుకొచ్చే రైతుల్ని లెక్కపెట్టి, మండలంలో ఉన్న మిరపంతా బొబ్బర తెగులేనంటే ఎట్టా? పైరు బాగున్నోడు నా కొట్టు మెట్టెక్కడు.

మేనత్త: బాగా అడిగావు. నిజమే, ఆ అంకెని యథాతథంగా వీడికి అంటించకూడదు. కానీ వాళ్లంతా ఎవరో చూడు. పేరు తెలియకుండా ముప్ఫై, నలభై ఏళ్లు నెట్టుకొచ్చినవాళ్లు. నువ్వు వీడికి రాసిపెడుతున్న బతుకు అదే. 2018లో మరో అధ్యయనం వచ్చింది. తమ తీరు బయటపడకుండా అందరిలాగా నటిస్తూ బతికేవాళ్లలో చావు ఆలోచనలు ఎక్కువని తేలింది. అందరి కళ్లలోకి చూడటం, నవ్వు రాకపోయినా నవ్వడం, చేతులు ఊపకుండా జేబుల్లో పెట్టుకోవడం. మనం చిన్నప్పటినుంచీ వాడికి నేర్పినవి ఇవే. నేను కూడా నేర్పాను. టీచర్ని గదా, ఇంకా బాగా నేర్పాను.

తండ్రి: నటించని మనిషి ఎవరక్కా? కంపెనీ వాడు స్టాకు ఆపేస్తే లోపల మండుతున్నా నవ్వుతూ కాఫీ ఇప్పిస్తా. యార్డులో దలారీ టిక్కీలో చెయ్యి పెట్టి తాలు ఎక్కువుందంటే, లేదని తెలిసినా బతిమాలతా. బతకడానికి కావాల్సిన విద్య అది. వాడికి నేర్పకపోతే నేను పోయాక ఎవరి దగ్గర బతుకుతాడు?

మేనత్త: నువ్వు ఇంటికొచ్చి చొక్కా విప్పినట్టు ఆ నటన విప్పేస్తావు. భార్య మీద విసుక్కుంటావు, నాకు ఫోన్ చేసి తిడతావు. వాడికి విప్పే చోటు ఏదీ? ఇంట్లో కూడా మనం ‘సరిగ్గా కూర్చో’ అంటాం. నేర్పొద్దనడం లేదు. బస్సు టికెట్టు తీసుకోవడం, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పడం నేర్పాలి. కళ్లలోకి చూడకపోతే మాత్రం ఎవరికి నష్టం?

తండ్రి: ఇంకో మాట చెప్తా, దీనికి జవాబు చెప్పు. మన చిన్నప్పుడు ఊళ్లో ఇట్టాంటివాళ్లు లేరా? ఒకాయన గేదెలు కాసేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంకొకామె పొద్దస్తమానం పత్తిలో చెత్త ఏరేది. వాళ్లని ఏ డాక్టరూ చూడలేదు, ఏ బిళ్లా వేసుకోలేదు. అందరితో పాటు కంచంలో అన్నం పెట్టారు. పొలం ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యదక్కా. వీడు మార్చిలో కల్లంలో కూర్చుంటే చూడాలి. కాయ ఎండిన గలగల తప్ప చప్పుడుండదు. ఎర్రకాయ ఒక పక్కకి, తాలు ఒక పక్కకి. కూలీలు రోజంతా ఏరినదానిలో వీడు మళ్లీ తాలు తీస్తాడు. ఘాటుకి అందరూ తుమ్ముతారు, వీడు ముక్కుకి గుడ్డ కట్టుకుని గంటలు గంటలు అట్టాగే. ఆ పూట రాత్రి నిద్రపోతాడు. నువ్వు చెప్పే మానసిక ఆరోగ్యం అదే కాదా? ఆ నాలుగెకరాలు, ఆ కల్లం వాడికుంటే పేరెందుకు?

మేనత్త: ఇన్నాళ్లలో నువ్వు చెప్పినవాటిలో ఇదే నన్ను ఎక్కువ తడబరిచింది. ఏ చికిత్స కన్నా ఆ కల్లమే వాడికి మేలు చేస్తున్నట్టుంది. దాన్ని పోగొట్టొద్దు. పరీక్షలున్నాయని కల్లానికి రాకుండా ఆపేది మీరే, ముందది మానండి. అయితే ఆ గేదెల కాపరి సుఖంగా ఉన్నాడని నీకెవరు చెప్పారు? మనం ఎవరం అడగలేదు. ఆమె పెళ్లిళ్లలో పంక్తికి వచ్చేది కాదు, పెరట్లో పెట్టేవాళ్లు. అది నాకు గుర్తుంది. ఇంకోటి, ఇప్పటి సేద్యం తాలు ఏరడం ఒక్కటే కాదు. ఈ-క్రాప్‌లో పంట రాయించాలి, కూలీల మేస్త్రీతో బేరమాడాలి, కౌలు తగాదా తీర్చుకోవాలి, బ్యాంకులో నిలబడాలి, గుంటూరు యార్డులో ఆ అరుపుల మధ్య రేటు తెంపుకోవాలి. నువ్వున్నన్నాళ్లూ అవన్నీ నువ్వు చేస్తావు. తర్వాత వాడి పక్కన ఎవరు నిలబడతారు? నిలబడే మనిషికి సంగతి తెలియాలా వద్దా?

తండ్రి: నిలబడేది వాళ్లక్క. అందుకే దాని పెళ్లి ముందు కానివ్వమంటున్నా. ఇంత చెబుతున్నావు గదా, అడగనా? మీ పెద్దాడికి మా అమ్మాయిని చేసుకుంటావా? కాగితం చదివావు, అన్నీ తెలిసినదానివి. చేసుకుంటావా?

(ఈ ప్రశ్నకి మేనత్త దగ్గర జవాబు లేదని రాసేస్తే సంవాదం రక్తి కట్టేది. జవాబు ఉంది. రావడానికే కొంచెం ఆలస్యమైంది.)

మేనత్త: ...మేనరికం వద్దని మా ఇంట్లో ముందునుంచీ అనుకుంటున్నదే. కానీ నువ్వడిగింది అది కాదని నాకు తెలుసు. వేరే ఇంటి సంబంధం వచ్చి, ఆ పిల్ల తమ్ముడికి ఇట్టా ఉందని తెలిస్తే, నేను ఒక్క క్షణం ఆగుతానా? ఆగుతాను. ఆగనని చెబితే అబద్ధం. నీ భయం లోకువ చేసేది కాదు.

తండ్రి: నువ్వే ఆగితే ఊరు ఆగదా?

మేనత్త: ఆగుతుంది. పెళ్లయ్యాక తెలిస్తే ఏం చేస్తుందో కూడా ఆలోచించు. దాచి చేశారని మొగుడిచేత, అత్తచేత మాట పడేది ఆ పిల్లే. ముందే తెలిసి వచ్చినవాడు రేపు బామ్మర్ది పక్కన నిలబడతాడు. దాచి తెచ్చుకున్న అల్లుడు నిలబడతాడా? ఇంకో ఆడమనిషి సంగతి కూడా ఉంది. నీ భార్య. పదిహేడేళ్లుగా ‘పెంపకం చాతకాలేదు, సెల్లిచ్చి చెడగొట్టింది’ అని మన అమ్మే అంది, నీ ఎదుట. నువ్వు పేపరు చదువుకుంటూ కూర్చున్నావు.

తండ్రి: ...

మేనత్త: ఇది మన ఇంటి జబ్బు మాత్రమే కాదులే. 1967లో బెటిల్‌హైమ్ అనే ఆయన అమెరికాలో పెద్ద పుస్తకమే రాశాడు, తల్లి ప్రేమ చాలకనే పిల్లలు ఇట్టా అవుతారని. అంతకు మూడేళ్ల ముందే, 1964లో, రిమ్లాండ్ అనే ఆయన ఇది పుట్టుకతో మెదడు తీరే గాని తల్లి తప్పు కాదని రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. అయినా తల్లుల మీద ఆ నింద పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. నువ్వు ఊరికి చెప్పకపోయినా, మన అమ్మకి చెప్పొచ్చు గదా? నీ గుట్టుకి వడ్డీ కడుతున్నది మరదలు.

తండ్రి: అమ్మకి చెప్తా. ఆ మాట ఇస్తున్నా. కానీ వాడికి చెప్పడం దగ్గర నా కాళ్లు ఆడటం లేదు. వాడు దేన్నైనా అక్షరం పొల్లుపోకుండా నమ్ముతాడు. ‘నీకు ఆటిజం’ అంటే రాత్రంతా నెట్‌లో చదువుతాడు. అక్కడ చెడ్డదే ముందు కనిపిస్తుంది. పొద్దున లేచి ‘నాకు ఆటిజం, నేను చెయ్యలేను’ అంటే? ఇప్పుడు చెయ్యలేకపోయినా చేసి చూస్తున్నాడు.

మేనత్త: అట్టా జరిగింది కూడా. మా హైస్కూల్లో ఒకమ్మాయికి ఇంట్లోవాళ్లు చెప్పారు. మొదట ఊపిరి పీల్చుకుంది, నేను చెడ్డదాన్ని కాదన్నమాట అంది. ఆ తర్వాత కొన్నాళ్లు హోంవర్కు దగ్గర్నుంచి అన్నిటికీ అదే సాకు. తర్వాత సర్దుకుంది. వీడూ సర్దుకుంటాడని పూచీ ఇవ్వలేను. కానీ ఇప్పుడు వాడు తన గురించి ఏం నమ్ముతున్నాడో తెలుసా? నోటుపుస్తకం వెనక రాసుకున్నాడు. నేను చూశాను. నీకు చూపించలేదు, చూపించను. ఆటిజం అన్న మాట దానికంటే ఎంతో మెత్తన.

తండ్రి: ఏం రాశాడు?

మేనత్త: అది పక్కన పెట్టు. ముందొక పని చెయ్యి. కొట్టులో మిగిలిన పురుగుమందు డబ్బాలు ఇంటి వసారాలో పెడతావు. అవి రేపు పొద్దుటికల్లా ఇంట్లో ఉండకూడదు. కొట్టుకి తీసుకెళ్లి తాళం వెయ్యి, తాళంచెవి నీ మొలతాడుకి కట్టుకో. 1998లో పత్తి పోయినప్పుడు ఈ ఊళ్లలో ఏం జరిగిందో నీకు నేను చెప్పాలా?

తండ్రి: రేపటిదాకా ఎందుకు, ఈ రాత్రే తీసేస్తా. దానికి వాదన అక్కర్లేదు.

మేనత్త: వాడికి చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు కూడా. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడకు, అట్టా కాదు. వాడు సూటి ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పేవాడని నువ్వే అన్నావు. అవునన్నాడంటే ఒంటరిగా వదలకు. 14416కి చెయ్యి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లు.

తండ్రి: అడుగుతా. ...పరీక్షల సంగతి కూడా నువ్వే ఎత్తుతావనుకున్నా. సర్టిఫికెట్ ఉంటే గంటకి 20 నిమిషాలు అదనం ఇస్తారు, పై చదువుల్లో నూటికి అయిదు సీట్లున్నాయి. తెలుసు, కనుక్కున్నా. 2024లో ఏమైందో కూడా తెలుసు. ఇంటర్‌లో ఒక భాష మినహాయించుకున్న వికలాంగ పిల్లలకి మార్కుల లిస్టులో సబ్జెక్టు తక్కువైందని ఐఐటీ సీటే చేజారబోయింది. ఇచ్చిన సాయమే అడ్డు పడింది.

మేనత్త: ఆ కథ సగంలో ఆపావు. వాళ్లు బయటికొచ్చి మొర పెట్టుకుంటే సర్కారు జీవో ఇచ్చి మార్కుల లిస్టు సరిచేసింది, సీట్లు దక్కాయి. దాక్కుని ఉంటే ఎవరికోసం జీవో ఇస్తారు? అయినా నేను సీటు కోసం చెప్పమనడం లేదు. చప్పుడు తక్కువున్న గదిలో పరీక్ష రాయనిస్తే చాలు వాడికి. అది అడగాలన్నా పేరు కావాలి.

తండ్రి: డాక్టరిచ్చిన కాగితంలో సగం ముక్కలు మంత్రంలా ఉన్నాయి. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, డెబ్బై, ఆపైన వస్తే ఆటిజమట. నా కొడుకుని నలభై ప్రశ్నల్లో కొలిచే ఆ కాగితాన్ని వాడి చేతికి ఎట్టా ఇవ్వను?

మేనత్త: కాగితం ఇవ్వొద్దు. కల్లంలో, వాడు తాలు ఏరుతున్నప్పుడు, పక్కన కూర్చుని నువ్వు కూడా ఏరుతూ చెప్పు. మొహంలోకి చూడకుండా మాట్లాడుకోవడం మీ ఇద్దరికీ తేలిక. వచ్చే ఫిబ్రవరికి వాడికి పద్దెనిమిది నిండుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అప్పటినుంచి వాడి నిర్ణయం వాడిదే. తండ్రివైనా కలెక్టరు కమిటీ నిన్ను గార్డియన్‌గా పెడితే తప్ప వాడి తరఫున సంతకం చెయ్యలేవు, నోట్లో మాట ఉన్న పిల్లాడికి ఆ కమిటీ దాకా పోవడం న్యాయమూ కాదు. సదరం స్లాటు పెట్టుకోవాలో వద్దో అడగాల్సింది వాణ్ణే.

తండ్రి: వాడు వద్దంటే? మళ్లీ నువ్వు ఈ మాట ఎత్తకూడదు.

మేనత్త: ఎత్తను. వాడు కావాలంటే నువ్వు అడ్డుపడకూడదు.

తండ్రి: వాడికి చెప్తానక్కా, మిరప కోతలయ్యేలోపు చెప్తా. ఊరి సంగతి మాత్రం అమ్మాయి పెళ్లి అయ్యేదాకా మాట ఇవ్వలేను.